ఎనిమిదో రోజు నీళ్లు

బీదర్
మార్చి 3

చెల్లె మహానందకు,

అంబాదాసు తన బస్సులో తెచ్చిన కందిపప్పు చేరింది. మీ వదిన బక్కమ్మ దోసిట్లో పోసుకుని చూసి, ఈ ఏడు ధన్నూర పప్పు సన్నబడిందని అంది. వాన లేని ఏడు పప్పు మాత్రం ఎట్లా లావవుతుంది?

నీకు చెవులు పూర్తిగా పోయిన ఈ రెండేళ్లలో నాకు ఒక అలవాటైంది. ఫోన్‌లో అయితే తిన్నావా, పడుకున్నావా అని అడిగి పెట్టేసేవాణ్ని. ఇప్పుడు కూర్చుని రాయాల్సి వస్తోంది. బడిలో మనం చదివింది కన్నడమే అయినా, నాన్న మనిద్దరికీ ఇంట్లో పలక మీద తెలుగు దిద్దించాడు కనుక సరిపోయింది. లేకపోతే నా ఉత్తరం నువ్వు ఎవరిచేతనో చదివించుకోవాల్సి వచ్చేది.

భాగ్యజ్యోతి బాగుంది. నర్సింగు రెండో సంవత్సరం చదువు కష్టమే, కానీ నీ బిడ్డ వెనకపడే రకం కాదు. పొద్దున ఏడింటికి తెల్లకోటు చేతిమీద వేసుకుని ఆటో ఎక్కుతుంది. సాయంత్రం వాళ్ల అత్త మోకాళ్లకు నూనె రాస్తూ ఎముకల పేర్లన్నీ ఇంగ్లీషులో వల్లిస్తుంది. తన మోకాలి చిప్పను ఇంగ్లీషులో ఏమంటారో ఇప్పుడు బక్కమ్మకు తెలుసు.

ఒక్క విషయంలో నేనూ జ్యోతీ గొడవపడ్డాం. నల్లా నీళ్లు వద్దు, డబ్బా నీళ్లు కొందామని అంది. నేను నవ్వాను. ఇరవై రెండేళ్లుగా ఈ పట్నంలో వాల్వులు తిప్పి నీళ్లు వదిలేది నేను. నేను వదిలిన నీళ్లు నా ఇంట్లోనే తాగకపోతే గల్లీ వాళ్లు ఏమనుకుంటారని అడిగాను. బిందెలోంచి సీసా నింపుకుని కాలేజీకి పోయింది.

ఇక్కడ నీళ్ల సంగతి బాగాలేదు. డ్యాం అడుక్కు పోయింది. మొదట మూడు రోజులకు ఒకసారి వదిలేవాళ్లం, తర్వాత ఐదు రోజులకు, ఈ నెల నుంచి ఎనిమిది రోజులకు. వాల్వు తిప్పే పొడవాటి ఇనుప చావి భుజాన వేసుకుని నేను గల్లీ మొదట్లో కనబడితే చాలు, పిల్లలు ఇంట్లోకి పరుగెత్తి చెబుతారు. పండుగకు మేనమామ వచ్చినట్టు ఉంటుంది నా పని.

మొన్న ఆఫీసులో పెద్ద సార్లు మీటింగు పెట్టారు. ఉన్న నీళ్లను జూలై ఆఖరు దాకా తాగడానికి సరిపెట్టాలట. ఈసారి కూడా వాన ఆలస్యం కావచ్చని అంచనా కాగితం వచ్చిందట. పొలాలకు డ్యాం నీళ్లు తీయనివ్వరని కూడా ఎవరో అన్నారు. బావ చెవిన వెయ్యి.

నీ అన్న,
సిద్దయ్య


ధన్నూర
మార్చి 11

అన్నకు,

నీ ఉత్తరం తెచ్చిన రోజు పోస్టు కాశప్ప మా గట్టు మీద నిలబడి ఎంతసేపు పిలిచాడో తెలియదు. చివరికి నా ముందు ఒక మట్టిపెళ్ల వచ్చి పడితే తలెత్తాను. ఆయన నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను.

చెరకు మూడెకరాలు ఉంది. ఇంకా నాలుగు తడులు కావాలి. డ్యాం నీళ్లు వెనక్కి పోతుంటే మీ బావ పైపుకు పైపు అతికిస్తూ నీళ్ల వెంట నడుస్తున్నాడు. నలభై పైపులు అయ్యాయి. మోటారు ఇప్పుడు పాత ఊరి దగ్గర ఉంది. అవును, డ్యాంలో మునిగిపోయిన పాత ధన్నూర ఇళ్లు బయటపడ్డాయి. మా అత్త కర్ర పట్టుకుని అంత దూరం నడిచి వెళ్లి, ఇది వంటిల్లు, ఇది ఎడ్ల కొట్టం అని నాకు వేలుపెట్టి చూపించింది. ఆమె చూపించిన చోటల్లా పగిలిన బురద, ఎండిన చేపలు తప్ప నాకేమీ కనబడలేదు. ఆమెకు మాత్రం అన్నీ కనబడ్డాయి. ఒక రాయి మీద చాలాసేపు కూర్చుంది.

పొలాలకు నీళ్లు తీయనివ్వరని నువ్వు రాసింది మీ బావకు చదివి వినిపించాను. ఆయన నాకు అర్థం కావాలని నా ముందు కూర్చుని, పెదవులు మెల్లగా కదుపుతూ అన్నాడు: "డ్యాముకు ఇల్లిచ్చింది మేము, జాగ ఇచ్చింది మేము. నీళ్లు మాత్రం బీదరోళ్లయి. గిదేం న్యాయమో మీ అన్ననే అడుగు."

అడగమన్నాడు కనుక అడిగాను. నువ్వు పెట్టిన రూలు కాదని నాకు తెలుసు. నాకు ఒక్క సంగతి చెప్పు చాలు. మోటార్లు పట్టుకోవడానికి ఎవరైనా వస్తారా? వస్తే ఎప్పుడు? నువ్వు ఆఫీసులో ఉన్నావు, నీకు ముందే తెలుస్తుంది.

బిడ్డకు డబ్బా నీళ్లు కొనకపోతే పోనీ. కాచి పొయ్యమని వదినకు చెప్పు.

మహానంద


బీదర్
మార్చి 19

చెల్లెకు,

నీ ఉత్తరం అందిన మర్నాడే ఆఫీసులో కనుక్కున్నాను. అక్కడ రాతకోతలు చూసే సంగమేష్ నాకు కావలసినవాడు. మోటార్ల మాట ఎత్తితే, "అవన్నీ ఉత్త మాటలే అన్నా. గా బురదల దిగి ఎవరు పోతరు?" అన్నాడు. కాబట్టి భయం వద్దని బావకు చెప్పు. చెరకు తడుపుకోమను.

జ్యోతికి మీ వదిన నీళ్లు కాచే ఇస్తోంది. రోజూ అని అబద్ధం చెప్పను. గ్యాసు అయిపోతే ఎప్పుడొస్తుందో తెలియదు, అన్నానికీ పప్పుకూ దాచుకోవాలి. కాచిన రోజు కాస్తుంది.

నాకు ఇప్పుడు వేరే బాధ పట్టుకుంది. మా గల్లీ నల్లాల్లో మొదట వచ్చే నీళ్లు వాసన వస్తున్నాయి. పసుపుగా ఉంటున్నాయి. మా పక్కింటి ఫిలిప్పు ఒక సీసాలో పట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెళ్లిళ్లలో బ్యాండు వాయిస్తాడు చూడు, ఆ ఫిలిప్పు. వాళ్ల కోడలికి ఏడో నెల. ఆ అమ్మాయికి ఆ వాసనకు కడుపులో తిప్పుతోందట.

ఎందుకు వస్తోందో నాకు తెలుసు. మా గల్లీ పైపు మురుగు పారే మోరీ పక్కనే, ఒకచోట మోరీ కిందనుంచే పోతుంది. పాత పైపు, ఎక్కడో చీలింది. పైపు నిండా నీళ్లు ఉన్నన్నాళ్లు బయటి మురికి లోపలికి రాలేదు. ఇప్పుడు ఎనిమిది రోజులు ఖాళీగా ఉంటోంది. ఆ ఎనిమిది రోజులూ మోరీ నీళ్లు అందులోకి దిగుతున్నాయి. నేను వాల్వు తిప్పగానే ముందుగా అవే ఇళ్లలోకి పోతాయి.

ఫిలిప్పు సీసా తీసుకుని మా పని చూసే సెక్షన్ సారు దగ్గరికి వెళ్లాను. ఆయన మంచిగానే మాట్లాడాడు. బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. నీళ్లు పరీక్ష చేయించారట, తాగడానికి పనికొస్తాయని కన్నడంలో రాసి ఉంది. నేను చదివాను. ఆ నీళ్లు పట్టింది శుద్ధి చేసే చోట, సార్, మా గల్లీలో కాదు అన్నాను. పైపు సంగతి పైకి రాస్తానన్నాడు. అప్పటిదాకా వదలకుండా ఉంటే జనం ఊరుకుంటారా అని నన్నే అడిగాడు. నిజమే, ఊరుకోరు.

సిద్దయ్య


బీదర్
మార్చి 31

చెల్లె,

నిలబడి రాస్తున్నాను. ఏప్రిల్ నాలుగో తేదీన మోటార్లు పట్టడానికి వస్తున్నారు. ధన్నూర వైపు కూడా వస్తారు. సంగమేష్ చెప్పింది తప్పు. మనుషులు చాలరని మా వాల్వు వాళ్లను ఎనిమిది మందిని కూడా పంపుతున్నారు. అందులో నా పేరు ఉంది. నేను రానన్నాను. రాకపోతే కాంట్రాక్టు పేర్లలోంచి తీసేస్తామన్నారు.

బావకు ఫోన్ కలవడం లేదు. నిన్నటి నుంచి చేస్తున్నాను. అంబాదాసు కూతురి నిశ్చితార్థమని సెలవు పెట్టాడు. అందుకని పోస్టులోనే వేస్తున్నాను. మూడో తేదీలోపు మోటారు, పైపులు ఇంటికి తెచ్చేసుకోండి. ఒక్క రోజు కూడా ఆగవద్దు.

సిద్దయ్య


ధన్నూర
ఏప్రిల్ 7

సిద్దయ్యన్నకు,

నీ ఉత్తరం నిన్న, ఆరో తేదీన వచ్చింది. పోస్టు ముద్ర మీద తేదీ అలుక్కుపోయి ఉంది. మీ బావ దాన్ని వెలుగుకు పెట్టి చూసి, పని అయిపోయినంక వేసిన ఉత్తరమని అన్నాడు. నేను కాదని అనలేదు. ఎట్లా అనాలి?

నాలుగో తేదీన నేను అక్కడే ఉన్నాను. నువ్వు తలకు తువ్వాల చుట్టుకున్నావు. అయినా నడక చూసి గుర్తుపట్టాను. మోటారు నలుగురు ఎత్తారు. పైపులు కోస్తుంటే ఒక కొస నువ్వు పట్టుకున్నావు. ఎంత చప్పుడు అవుతోందో నాకు తెలియదు, అందరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి. నీ నోరు మాత్రం మూసుకునే ఉంది. నేను ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాను. నువ్వు ఒక్కసారి కూడా తలెత్తలేదు.

మార్చిలో నువ్వు భయం వద్దని రాశాక మీ బావ ఇంకో పది పైపులు తెచ్చి అతికించాడు. అవి కూడా పోయాయి. మనోళ్లే మాయమాటలు చెప్పి పట్టించారని ఊరంతా అంటున్నాడు. అందరి ముందు బురదలో కూలబడ్డాడు, అన్నా. మా పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆయనను అట్లా చూడలేదు.

చెరకు ఆకులు చుట్టుకుపోతున్నాయి. ఇంకో పది రోజులు నిలిస్తే ఎక్కువ.

బిడ్డను పంపించు. మీ ఇంట్లో ఉండి చదవవద్దని మీ బావ అంటున్నాడు. నాకూ అదే మంచిదనిపిస్తోంది.

మహానంద


బీదర్
ఏప్రిల్ 14

చెల్లె మహానందకు,

నువ్వు నిలబడ్డది చూశాను. తలెత్తితే నువ్వు ఏమడుగుతావో, ఏం చెప్పాలో తెలియక ఎత్తలేదు. ఉత్తరం మార్చి 31నే వేశాను. బక్కమ్మ సాక్షి. ఇంతకన్నా నా దగ్గర ఇంకేమీ లేదు.

భయం వద్దని రాసింది మాత్రం నా తప్పే. ఒక్కడి మాట విని రాశాను. బావకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మొన్నటి నుంచి నా నంబరు అసలు కలవడమే లేదు.

మోటార్లు పట్టిన సాయంత్రం ఆఫీసులో మాకు టీ, ఉప్మా పెట్టారు. దానివల్ల పట్నానికి ఇరవై రోజుల నీళ్లు మిగిలాయని సారు చెప్పాడు. ఆ ఇరవై రోజుల్లో మీ చెరకు ఎంతో నేను లెక్కవేయలేకపోయాను. ఉప్మా తినలేదు. అది నీకు చెప్పాలని కాదు, ఊరికే రాశాను.

జ్యోతిని ఇప్పుడు పంపలేను. నెలాఖరు దాకా పరీక్షలు ఉన్నాయి. మధ్యలో వస్తే ఏడాది పోతుంది. పరీక్షలు కాగానే నేనే తెచ్చి దింపుతాను. గుమ్మం దాకా రావద్దంటే బస్టాండులో దింపి పోతాను.

గల్లీలో ముగ్గురు నలుగురికి జ్వరాలు. ఎండలవల్ల అంటున్నారు.

సిద్దయ్య


ధన్నూర
ఏప్రిల్ 21

అన్నకు,

పరీక్షలని రాశావు. పరీక్షలు రాసే పిల్ల తల్లికి నాలుగు అక్షరాలు రాయలేదా? నీ ప్రతి ఉత్తరం చివర ఆ ఖాళీలో ఒక బొమ్మ గీసి పంపేది. మొన్నటి ఉత్తరంలో అదీ లేదు.

అంబాదాసు భార్య నిన్న మా ఇంటికి వచ్చింది. వాళ్ల చిన్నకూతురు కూడా ఆ కాలేజీలోనే ఉంది కదా. జ్యోతి రెండు వారాలుగా కాలేజీకి రావడం లేదట. పరీక్షలు జూన్‌లో అట. ఆమె చెబుతుంటే పెదవులు తప్పు చదివానేమోనని పలక ఇచ్చి రాయించాను. అదే రాసింది.

మీ బావ ఏమంటున్నాడో రాయడానికి చెయ్యి రావడం లేదు. మోటారు పోయినందుకు మేము తిట్టామని, ఆ కోపంతో పిల్లను చదువు మాన్పించి మీ ఇంట్లో నీళ్లు మోయిస్తున్నావని అంటున్నాడు. నేను నమ్మలేదు. కానీ నమ్మకుండా ఉండటానికి నువ్వు నాకేమీ ఇవ్వలేదు.

చెరకు ఎండింది. నిన్న చేలోకి పశువులను వదిలేశాం. చిన్నప్పుడు మనిద్దరం దొంగతనంగా చెరకు విరుచుకుని తినేవాళ్లం. ఇప్పుడు ఎవరు వచ్చి విరుచుకున్నా అడిగేవాళ్లు లేరు, విరిస్తే రసం లేదు.

ఏం జరిగిందో రాయి. నిజమే రాయి. నేను ఎవరినీ అడగలేను, ఎవరు చెప్పినా వినలేను.

మహానంద


బీదర్
ఏప్రిల్ 25

చెల్లె,

ఈ ఉత్తరాన్ని అంబాదాసు చేతికిచ్చి, నీ చేతిలోనే పెట్టమని చెప్పాను. చదవగానే అదే బస్సులో వచ్చెయ్యి.

జ్యోతికి కామెర్లు. ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ ఈ పొద్దున చెప్పింది. ఆ మాట విన్నాకే రాస్తున్నాను. సర్కారు దవాఖానలో చేర్పించి ఆరు రోజులైంది.

ఏప్రిల్ ఏడున జ్వరం మొదలైంది. అన్నం ముట్టలేదు. పన్నెండో తేదీకి కళ్లు పచ్చబడ్డాయి. అద్దంలో తనే చూసుకుని తనే చెప్పింది, ఇది కామెర్లని. నీకు రాస్తానంటే నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకు రాయకు మామా. బాపు వచ్చి నన్ను తీస్కపోతడు. మల్ల కాలేజీకి పంపడు" అంది. పరీక్షలని అబద్ధం రాసింది అందుకే. దాని మాట మీద తోస్తున్నానని అనుకోకు. పిల్ల అడిగినా, రాయవలసినవాణ్ని నేను. మీకు ఒకసారి తప్పు రాసి నష్టం చేసినవాణ్ని, ఇంకో చెడ్డకబురు రాయడానికి భయపడ్డాను.

ఆ తర్వాత తెలిసింది, గల్లీలో పదకొండు ఇళ్లలో కామెర్లు. ఫిలిప్పు కోడలికి కూడా.

పదిహేడో తేదీ మా గల్లీకి నీళ్ల వంతు. నేను చావి తీసుకుని వెళ్లి, రోడ్డు మీద మూత తీశాను. గుంతలోకి చూస్తూ నిలబడ్డాను. తిప్పలేదు. మూత వేసి, ఈ పైపు బాగుచేసేదాకా వదలనని గల్లీ వాళ్లకు చెప్పాను. ట్యాంకరు పంపమని ఆఫీసుకు రాసిచ్చాను. ట్యాంకరు రాలేదు.

మొదటి రోజు జనం ఓర్చుకున్నారు. రెండో రోజు మా ఇంటి ముందు ఖాళీ బిందెలు వరుసగా పెట్టారు. మీ వదినను నానా మాటలు అన్నారు. తొమ్మిది రోజులుగా చుక్క లేని వాళ్లు, వాళ్లను ఏమనగలను? ఫిలిప్పు మాత్రం దవాఖాన నుంచి వచ్చి, అందరూ పోయేదాకా ఆగి అప్పుడు నా ముందుకు వచ్చాడు. "నీళ్లు బంద్ జేసినవని నేను అడుగుత లేను సిద్దన్నా. గిన్ని రోజులు ఎందుకు ఇడిసినవని అడుగుతున్న" అన్నాడు.

దానికి ఏం చెప్పాలో నీకు తోస్తే నాకు రాయి.

మూడో రోజు ఆఫీసు వాళ్లు నా దగ్గర చావి తీసుకున్నారు. పనిలోకి రావద్దన్నారు. పీరప్ప అని వేరే అతన్ని పంపి వాల్వు తిప్పించారు. నీళ్లు వచ్చాయి. గల్లీ వాళ్లు అతనికి టీ ఇచ్చారు.

ఫిలిప్పు కోడలు మొన్న చనిపోయింది. కడుపులో బిడ్డ కూడా.

మార్చిలో జ్యోతి డబ్బా నీళ్లు కొందామన్నప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వు నాకు తిరిగి తిరిగి గుర్తొస్తోంది. వచ్చెయ్యి చెల్లె. బావ వస్తే నన్ను కొట్టనీ, తిట్టనీ. నేను దవాఖాన గేటు దగ్గరే ఉంటాను.

సిద్దయ్య


ధన్నూర
మే 19

అన్నకు,

బిడ్డను తీసుకుని వచ్చి రెండు వారాలు దాటింది. కళ్లు తెల్లబడ్డాయి. జొన్నరొట్టె అర ముక్క తింటోంది, మజ్జిగ తాగుతోంది. ఇంటి వెనక దాకా నడిస్తే ఆయాసపడుతోంది. ఈ ఏడు పరీక్షలు రాయలేనేమోనని దానికి దిగులు. పుస్తకం తెరిచి ఒళ్లో పెట్టుకుని అట్లాగే నిద్రపోతుంది.

దవాఖానలో ఐదు రోజులు నీ పక్కనే ఉండి నీతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపమని అనుకుని ఉంటావు. కోపం కాదు అన్నా. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు. ఆ వార్డులో నోరు తెరిస్తే అరుస్తానేమోనని భయపడ్డాను. మంచాల నిండా మీ గల్లీ వాళ్లే ఉన్నారు. అందరి కళ్లూ పచ్చగా ఉన్నాయి. అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. గేటు దగ్గర నువ్వు నాకు జామపండ్లు ఇచ్చినప్పుడు కూడా అందుకే తల తిప్పుకున్నాను. పండ్లు బిడ్డ తిన్నది.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. మోటార్లు పట్టే ముందు, ఏప్రిల్ రెండున, మూడున మా ఊళ్లో ఆటోకు మైకు కట్టి చెప్పారట. డ్యాంలో మోటార్లు తీసెయ్యండి, నాలుగున వస్తామని గల్లీ గల్లీ తిరిగి చెప్పారట. చేను కాడ ఆడవాళ్లు నిన్న మాటల్లో అంటుంటే ఒకామె పెదవుల మీద చదివాను. మళ్లీ అడిగి రూఢి చేసుకున్నాను. ఊళ్లో అందరూ విన్నారు. నేను ఒక్కదాన్నే వినలేదు. మీ బావ కూడా విన్నాడు.

ఇంటికి వచ్చి అడిగాను. ఆయన పలక అడిగి తీసుకుని కన్నడంలో రాశాడు, వస్తారని తెలుసు, కానీ ఒక్క తడి అయితే చెరకు నిలబడుతుందని ఆశపడ్డానని. ఆ రెండు రోజులూ నువ్వు చేసిన ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, ఎత్తితే నువ్వు తీసెయ్యమంటావని. ఆ తర్వాత అందరి ముందూ తప్పు తన మీద వేసుకోలేక నీ మీద వేశాడు. పలక నా చేతికిచ్చి పశువుల దగ్గరికి పోయాడు. నేను దాన్ని తుడవలేదు, తుడవాలో వద్దో తెలియలేదు.

నిన్ను అన్న మాటలకు ఇప్పుడు ఏం చేయను? ఆయన్ను తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. మూడెకరాలు కళ్లముందు ఎండుతుంటే ఎవరైనా ఇంకేం చేస్తారు?

రొట్టెలు చేస్తున్నప్పుడు ఒక ఆలోచన వస్తుంది. ఎంత తోసినా పోదు. మా చెరకుకు పోకుండా ఆపి మీ పట్నానికి మిగిల్చిన నీళ్లే కదా అవి. అవే మోరీలో కలిసి నా బిడ్డ కడుపులోకి పోయాయి. ఇందులో ఎవరిని పట్టుకుని అడగాలి?

ఇక్కడ కూడా తాగే నీళ్లు ట్యాంకరువే. ఎక్కడివో ఎవరికీ తెలియదు. నేను కాస్తున్నాను.

జ్యోతి మళ్లీ కాలేజీకి పోతానంటోంది. మీ బావ వద్దంటున్నాడు. నన్ను అడిగితే ముందు రొట్టె పూర్తిగా తినమంటున్నాను. నువ్వు పనిలేకుండా ఎట్లా ఉన్నావు? వదిన మోకాళ్లు ఎట్లా ఉన్నాయి?

నీ చెల్లె,
మహానంద


బీదర్
జూన్ 9

చెల్లె మహానందకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బావ మీద నాకు కోపం లేదు. అది ఆయనకు చెప్పాలనిపిస్తే చెప్పు, సిగ్గుపడతాడనుకుంటే చెప్పకు.

ఇక్కడ వాన లేదు. రోజూ సాయంత్రం మబ్బు పడుతుంది, గాలి వస్తుంది, పోతుంది. డ్యాం నుంచి ఇంకో యాభై రోజులకు మించి రావని ఆఫీసులో అనుకుంటున్నారట. ఎనిమిది రోజులది ఇప్పుడు పది రోజులైంది.

నన్ను మళ్లీ పనిలోకి పిలిచారు. నా మీద దయతో కాదు. మే ఆఖరులో మా గల్లీ రోడ్డుకు కొత్తగా తారు వేశారు. వాల్వు మూత దాని కింద పోయింది. పీరప్ప రెండు రోజులు వెతికాడు, దొరకలేదు. ఆఫీసులో పైపుల పటం లేదు. నేను, చనిపోయిన ఇంకొకతను తప్ప అది ఎక్కడుందో తెలిసినవాళ్లు లేరు. పదమూడు రోజులుగా గల్లీకి చుక్క నీరు లేదు. ట్యాంకరు రెండుసార్లు వచ్చింది, రెండోసారి ఒక ముసలామె కిందపడి చెయ్యి విరిగింది.

సారు నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. పైపు బాగు చేశారా అని అడిగాను. మంజూరైంది, వానాకాలం పోయాక పని మొదలవుతుందన్నాడు. అయితే వానాకాలం పోయాకే పిలవండి అన్నాను. ఆయన కోపపడలేదు. తనూ మూడుసార్లు పైకి రాశానని ఆ కాగితాలు చూపించాడు. మూడింటి మీద మూడు సంతకాలు ఉన్నాయి. ఆయన కూడా నాలాగే ఉన్నాడు చెల్లె, కాకపోతే కుర్చీలో ఉన్నాడు. "నీళ్లు లేకుంట సస్తరా, గీ నీళ్లతోని సస్తరా, నువ్వే చెప్పు సిద్దయ్యా" అన్నాడు. నేను చావి తీసుకున్నాను.

నిన్న పొద్దున వెళ్లాను. ఫిలిప్పు ఇంటి మెట్టు నుంచి పదకొండు అడుగులు వేసి అక్కడ తవ్వమన్నాను. మూత దొరికింది. తిప్పేముందు ఇంటింటికీ పోయి చెప్పాను, మొదటి అరగంట నీళ్లు పట్టవద్దు, మోరీలోకి వదిలెయ్యండి, తర్వాతివి కాచి తాగండి అని. అందరూ తలలూపారు. అరగంట వదిలేస్తే వచ్చేదే గంట నీళ్లని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

తిప్పాను. ఎప్పటి రంగే వచ్చింది. ఎవరూ ఒక్క చెంబు కూడా పారబోయలేదు. మొదటి ధార నుంచే బిందెలు పెట్టారు. పైన బట్ట కట్టి వడగట్టారు. పాపం, బట్టలో అది ఆగుతుందని వాళ్ల ఆశ. ఆడవాళ్లు నన్ను చూసి నవ్వారు. ఒకామె ఎన్నాళ్లకు వచ్చావన్నా అని పలకరించింది. ఏప్రిల్‌లో మా ఇంటి ముందు బిందెలు పెట్టింది ఆమే.

ఫిలిప్పు కూడా వచ్చాడు. ఆయన చేతిలో బిందె ఉంది. నువ్వు కూడా ఇవే పడతావా అని అడిగాను. ఆయన బిందె నల్లా కింద పెట్టి, నిండేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకేం తాగాలె సిద్దన్నా" అన్నాడు.

బిందె బరువుగా ఉంది. ఆయనకు ఈమధ్య నడుము నొప్పి. ఒక పక్క నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి వాళ్ల ఇంట్లోకి మోసి, పొయ్యి పక్కన దించాం. తర్వాత నేను చావి భుజాన వేసుకుని పక్క గల్లీకి పోయాను, అక్కడ కూడా ఎదురుచూస్తున్నారు.

నీ అన్న,
సిద్దయ్య